విమానమ్మ తెంపిన గుండీలు

కూర్చో తల్లీ, కొలతలకేం తొందర, తీసుకుందాం. ఏ పత్రికన్నావు? ఆఁ, ఆ గడియారం మేడలోదే కదూ. మీ నాన్న తన మందుల షాపులో పొట్లాలు కట్టేది ఆ పత్రికతోనే. నవ్వుతావేం, నిజమే చెప్తున్నా. "పొద్దున వార్త చదివేవాళ్ళు కొందరే మాస్టారూ, సాయంత్రం పొట్లం విప్పుతూ చదివేవాళ్ళే ఎక్కువ, వాళ్ళక్కూడా అర్థమయ్యేట్టు రాయాలి" అనేది ఆవిడ. ఎవరా? అదే చెప్పబోతున్నా. నువ్వు చేరే పత్రికలోనే పనిచేసింది, దేశదేశాలు తిరిగి అక్కణ్ణుంచి వార్తలు పంపేది. మీ నాన్న ఎప్పుడూ చెప్పలేదూ? వీధంతా విమానమ్మ అనేవాళ్ళం. ఎదురుగా అయితే నేను అక్కా అనే పిలిచేవాణ్ణి. ఇదిగో, ఈ షాపు నెత్తిమీదే ఉండేది, మెట్లెక్కగానే ఎడమచేతి వాటా, ఇప్పుడు కళ్ళజోళ్ళాయన సామాను పెట్టుకున్నాడే, అదే. తల్లీ కూతుళ్ళిద్దరే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకక్కా అనడిగితే, "చేసుకుందామనే అనుకున్నానయ్యా, సరిగ్గా ఆ రోజే ఎక్కడో ప్రభుత్వం పడిపోయింది" అనేది. నిజం చెప్పిందో, నన్ను ఆట పట్టించిందో, ఇప్పటికీ నాకు తెలీదు.

మొదట్లో ఆవిడకి ఇచ్చిన పనేంటో తెలుసా, పూల ప్రదర్శనలు. ఎవరో షాపు తెరుస్తారు, ఎవరో రిబ్బను కోస్తారు, ఆ ఫొటో కింద రెండు ముక్కలు రాయడం. పరదేశాల వార్తలకి వేరే ఆయనుండేవాడు. మంచి మనిషే, మా దగ్గరే కోట్లు కుట్టించుకునేవాడు, ఒక్క కోటుకి ఇద్దరికి సరిపడే బట్ట పట్టేది. దీవుల దేశమొకదాంట్లో పెద్దవాళ్ళ సమావేశమని ఆయన బయల్దేరబోతే పచ్చకామెర్లు పట్టుకున్నాయి. ఆఫీసులో చూస్తే ఇంకెవరికీ పాస్‌పోర్టు లేదు. ఈవిడకుంది. ఎడిటరు కళ్ళజోడు పైకి తోసుకుని, "పూల ప్రదర్శనలకి పాస్‌పోర్టెందుకమ్మా నీకు?" అన్నాట్ట. "ఉండనీ అని చేయించుకున్నానండీ" అందిట. ఇంక వేరే దారి లేక పంపాడు. ఆ సాయంత్రమే ఆదరాబాదరాగా కిందికొచ్చింది. నాకప్పుడే పెళ్ళైంది, నాన్నా నేనూ కలిసి షాపు చూసుకునేవాళ్ళం. "పెద్ద మాస్టారూ, నాకొక కోటు కావాలి, మగవాళ్ళ కోటుకి ఎన్ని జేబులుంటాయో అన్ని కావాలి" అంది. మా నాన్న సుద్దముక్క చెవిమీద పెట్టుకుని, "ఆడవాళ్ళ కోటుకి అన్ని జేబులెందుకమ్మా, ఆకారం చెడిపోతుంది" అన్నాడు. "నా ఆకారం చూడ్డానికి కాదండీ పంపేది. చేతులు ఖాళీగా ఉండాలి, రాసుకోవాలి" అంది. మా నాన్న టేపు తీశాడు. లోపలి అస్తరు గుడ్డకి కూడా రెండు జేబులు పెట్టాడు, ఒకటి పాస్‌పోర్టుకి, ఇంకోటి పెన్సిళ్ళకి. విమానంలో పెన్ను కారుతుందిట, ఎవరో చెప్పారు.

సరే, ఆ సమావేశం అయిపోయింది, వచ్చిన విలేకరులంతా ఎవరి విమానం వాళ్ళెక్కేశారు. ఈవిడ మటుకు చేపల రేవు చూడాలని ఒక రోజు ఆగింది. ఆ తెల్లారే సిపాయిలొచ్చి ఆ దేశాధినేతని ఇంట్లో బంధించేశారు. విమానాలు బంద్, తంతి ఆఫీసు బంద్. బయటి దేశం విలేకరంటూ మిగిలింది ఈవిడొక్కతే. ఏం చేసిందో చెప్పు చూద్దాం. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఇంట్లో ఫోను పనిచేస్తోందని ఎవరి ద్వారానో తెలిసింది. చెంప మీద చెయ్యేసుకుని, అబ్బా అమ్మా అంటూ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. డాక్టరు మంచివాడు, సంగతి చెప్తే ఫోనిచ్చాడు. వార్తంతా చెప్పేసింది. ఈలోపు గుమ్మంలోకి సిపాయి వచ్చి నిలబడ్డాడు. ఇంకేం చేస్తారు, డాక్టరు పట్టకారు తీశాడు, ఈవిడ నోరు తెరిచింది. పన్ను పోయింది, వార్త పత్రికలో మొదటి పేజీలో పడింది. వచ్చాక మా అమ్మ అయ్యో అంటే, "జ్ఞానదంతమేలెండి పిన్నీ, పన్ను పోయినా జ్ఞానం వచ్చింది" అంది. అప్పణ్ణుంచీ ఆవిడకి పూల ప్రదర్శన చూసే తీరికే లేకపోయింది.

కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగింది తల్లీ. వచ్చినప్పుడల్లా కోటు నా చేతికిచ్చేది, నేను కుట్లు విప్పి సరిచేసేవాణ్ణి. జేబు మూలల్లో ఇసక ఉండేది ఒక్కోసారి. ఒక్కోసారి చెయ్యి దగ్గర కాలి ఉండేది, అడిగితే "ఇస్త్రీపెట్టె తగిలింది" అనేది. ఇస్త్రీపెట్టె మోచేతి వెనకాల ఎలా తగులుతుందమ్మా, టైలరుతోనా ఆ మాట. కానీ వాళ్ళమ్మ పైన వింటుంటుంది కదా, అందుకని నేనూ తలూపేవాణ్ణి. ఎప్పుడొచ్చినా ఒక గుండీ మటుకు లేకుండా వచ్చేది. నాకు చిన్నతనంగా ఉండేది, మా కుట్టు అంత లూజా అని. ఓ రోజు అడిగేశాను. పకపకా నవ్వింది. "నీ కుట్టు బానే ఉంది చిన్న మాస్టారూ, నేనే బలవంతంగా తెంపుతున్నా" అంది. ఎందుకంటే, కొత్త ఊళ్ళో దిగగానే ముందు టైలరు షాపుకెళ్ళేదిట. మంత్రి దగ్గరికెళ్తే మంత్రి చెప్పాలనుకున్నదే చెప్తాడు. టైలరు గుండీ కుడుతూ ఊరికే కూర్చోలేడు కదా, ఏదో ఒకటి మాట్లాడతాడు. ఎవరి పిల్లాడు సిపాయిల్లో చేరాడు, ఎవరు కొత్త సూట్లు కుట్టించుకుంటున్నారు, ఎవరు బట్టలన్నీ మూటగట్టి ఊరొదిలి పోతున్నారు, అన్నీ. "ఈ విద్య నీ దగ్గరే నేర్చుకున్నా, నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా" అంది. నేనేం అనుకోలేదు, ఉన్నమాటే కదా. నా భార్య అయితే ఆ మాట పట్టుకుని ఏడాదంతా నవ్వింది.

ఇంతకీ ఎక్కడున్నాను. ఆఁ, మా చిన్నోడు. నా తమ్ముడు. వాడికి చేతి పని నాకంటే బాగా వచ్చు, ఒప్పుకోవాలి. మా ఇంట్లో కాజా కుట్టే పద్ధతొకటుంది. కాజా అంటే గుండీ దూరే కన్నం, తెలుసు కదా. దాని చివర అందరూ అడ్డంగా ఒక కుట్టేసి వదిలేస్తారు. మా తాత దాన్ని పిచ్చుకకాలు మాదిరిగా మూడు పోగులుగా విడదీసి కుట్టేవాడు, చినగదని. మా నాన్నకి అదే వచ్చింది, మా ఇద్దరికీ అదే వచ్చింది. మా చిన్నోడు దాన్ని కళ్ళు మూసుకుని కుట్టేవాడు. వాడికి సముద్రం అవతల ఒక రేవు పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో పనొచ్చింది. ఇక్కణ్ణుంచి ఇంకా చాలామంది వెళ్ళారు. మా అమ్మ వద్దంది, నాన్న వెళ్ళనీ అన్నాడు. వెళ్ళాడు. వారం వారం ఫోను చేసేవాడు, మూల మీద కిరాణా షాపుకి. ఆ తర్వాత అక్కడ వాళ్ళలో వాళ్ళకే యుద్ధం మొదలైంది. వాడి ఫోన్లు ఆగిపోయాయి.

యుద్ధమంటే రేడియోలో వినడం వేరు తల్లీ, ఇంట్లోకి రావడం వేరు. మా అమ్మ తిండి మానేసింది. నాన్నా నేనూ రోజూ ప్రభుత్వాఫీసుకెళ్ళేవాళ్ళం. కిటికీ వెనకాల మనిషి "అంతా క్షేమంగా ఉన్నారండీ" అనేవాడు. ఎక్కడున్నారంటే, "అది మాత్రం తెలీదండీ" అనేవాడు. ఎక్కడున్నారో తెలీకుండా క్షేమమని ఎలా తెలిసిందయ్యా అని నాన్న ఒక్కసారే అడిగాడు, ఆ కిటికీ మూసేశారు. విమానమ్మ అప్పటికే ఆ దేశంలోనే ఉంది, ఆ యుద్ధం మీదే వార్తలు పంపుతోంది. మా అమ్మ మెట్లెక్కి వాళ్ళమ్మ దగ్గరికెళ్ళింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, కానీ ఆ పెద్దావిడ చెప్పులేసుకుని తిన్నగా గడియారం మేడకెళ్ళి, మా అమ్మాయి ఫోను చేసినప్పుడు నాకివ్వండని అక్కడ బెంచీ మీద కూర్చుంది. సాయంత్రానికి ఫోనొచ్చింది. "కింద టైలరు గారి చిన్నబ్బాయి కనపడట్లేదే. చూడవే" అందిట. అంతే, పెద్దావిడ ఎక్కువ మాట్లాడేది కాదు. కూతురు "ఊఁ" అందిట.

తర్వాత జరిగింది కొంత ఆవిడ చెప్పింది, కొంత ఎన్నో ఏళ్ళ తర్వాత మావాడు చెప్పాడు, నేను కలిపి కుట్టుకున్నా. ఫ్యాక్టరీకెళ్ళి చూస్తే గోడలు తప్ప ఏం లేవు. మిషన్లూ లేవు, మనుషులూ లేరు. ఎవరినడిగినా తెలీదంటున్నారు. ఇంక ఆవిడకి తెలిసిన పని చేసింది. గుండీ తెంపుకుని టైలరు షాపుకెళ్ళింది. ఒకచోట ఏం తేలలేదు, ఇంకో గుండీ తెంపి ఇంకో షాపుకి. ఆ చలిలో కోటు ముందు భాగం తెరుచుకుపోయి ఉందిట, చేత్తో పట్టుకుని తిరిగింది. చివరికి రేవు దగ్గర ఒక ముసలి టైలరు, ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ కాజా వంక చూశాడు. వేలితో తడిమాడు. "ఇది ఎవరు కుట్టారమ్మా?" అన్నాట్ట. "మా ఇంటి కింద టైలరు. ఎందుకండీ?" అంది. "ఇలాంటి కాజా నా జన్మలో చూళ్ళేదు, మొన్నీమధ్యే మొదటిసారి చూశాను. ఒక సిపాయి కోటు చంక చినిగితే బాగుచేయమని తెచ్చాడు. కొత్త కోటు. దానికి అన్నీ ఇవే" అన్నాడు. ఆవిడ అప్పుడు కూర్చుండిపోయిందిట అక్కడున్న బల్ల మీద. నాతో చెప్పింది, "మాస్టారూ, నేను దేశాధ్యక్షులు పారిపోతుంటే చూశాను, నిలబడే రాసుకున్నా. మీ పిచ్చుకకాలు చూసి కూర్చోవాల్సొచ్చింది" అని.

ఏమైందంటే, అక్కడి సైన్యం ఆ ఫ్యాక్టరీ మిషన్లనీ, మనవాళ్ళనీ కలిపి ఎత్తుకుపోయి రేవులో ఉప్పు గోదాములో పడేసింది. సిపాయిలకి దుస్తులు కుట్టాలి. బయటికి రాకూడదు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఆ ముసలాయన గోదాముకి దారాలు తీసుకెళ్ళి ఇస్తుంటాడట. ఈవిడ ఆ కోటు విప్పేసి, తలకి గుడ్డ కట్టుకుని, దారాల పెట్టె మోస్తూ ఆయన వెనకాల లోపలికెళ్ళింది. నీకు ఉద్యోగంలో చేరేముందు ఇవన్నీ చెప్పడం తప్పేమో, మీ అమ్మ నన్ను తిడుతుంది. సరే. వరసగా మిషన్లు, వరసగా మనవాళ్ళు, కాళ్ళకింద తడి ఉప్పు. మా చిన్నోడు తలెత్తి చూశాడు, గుర్తుపట్టాడు, మళ్ళీ తలదించేసుకున్నాడు. తెలిసినట్టు కనపడితే ఇద్దరికీ ముప్పే కదా. ఈవిడ వాడి మిషను దగ్గరికెళ్ళి, దారం ఇంత పారేస్తావా, బుద్ధుందా అన్నట్టు చెయ్యి ఊపుతూ మన భాషలో కసురుకుంది. కాపలావాడికి భాష రాదు, పనివాణ్ణి తిడుతోందనుకున్నాడు. ఆ కసురుడులోనే, "మీ అమ్మ తిండి మానేసింది. ఏం చెప్పమంటావు?" అంది. మావాడు తల ఎత్తకుండా, తప్పైపోయిందన్నట్టు గొంతు పెట్టి, "తినమను" అన్నాడు. ఆ మర్నాడు పెద్దావిడ ద్వారా ఆ కబురు మాకందింది తల్లీ. మా అమ్మ ఆ మాట విని, లేచి వెళ్ళి కంచం కడుక్కుంది.

ఇంతటి వార్త ఇంకెవరికీ తెలీదు. ఆవిడ ఒక్క ఫోను చేస్తే ప్రపంచమంతా మోగిపోయేది. కానీ రేవులో ధాన్యం దించడానికొచ్చిన సహాయ సంఘం వాళ్ళ ఓడొకటి ఉంది, దాని కెప్టెను ఒప్పుకున్నాడు, మనుషుల్ని నా ఓడదాకా తెస్తే ఎక్కించుకుంటానని. రేవు అధికారి, ఆయనకీ పిల్లలున్నారు, ధాన్యం మూటలు మోసే కూలీలుగా వీళ్ళని బయటికి వదిలి, నేనటు చూడనన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "ఓడ అవతలి రేవు చేరేదాకా దీని గురించి బయట ఒక్క ముక్క వినపడకూడదు. వినపడితే ముందు వీళ్ళని కొండల్లోకి తరలిస్తారు, తర్వాత నన్ను గోడకి నిలబెడతారు" అన్నాడు. ఈవిడ సరే అంది. అడకత్తెరలో పోకచెక్కంటే అదే. ఇక్కణ్ణుంచి ఎడిటరు రోజూ ఫోను, "ఏంటమ్మా విశేషాలు?" అని. "రొట్టెల ధర పెరిగిందండీ" అనేది. "నిన్నా రొట్టెలే పంపావు కదమ్మా" అనేవాడు. "ఇవాళ ఇంకా పెరిగిందండీ" అనేది.

అదే హోటల్లో ఇంకో దేశపు విలేకరొకడు దిగాడు. పొడుగు కాళ్ళాయన అనేది ఆవిడ. వాడూ వాసన పట్టాడు, ఎలా పట్టాడో. ఈవిడ వాడి గదికెళ్ళి బతిమాలింది, "ఓడ చేరేదాకా ఆగు, ఆ తర్వాత ఇద్దరం కలిసే పంపుదాం" అని. వాడు చెయ్యి కలిపి మాటిచ్చాడు. మనవాళ్ళంతా మూటలు మోస్తూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఓడెక్కేశారు. ఓడ కదిలింది. ఈవిడ గట్టు మీద నిలబడి చూసి వెనక్కొచ్చేసరికి, ఆ పొడుగు కాళ్ళాయన వార్త పంపేసి ఉన్నాడు. రేడియోలో వచ్చేసింది. వెంటనే ఓడ వెనకాల కాపలా పడవ బయల్దేరింది. మావాడు చెప్పాడు, ఆ పడవ దీపం వెనకాల కనపడుతూ కనపడుతూ వచ్చిందట, కెప్టెను ఉన్న బొగ్గంతా మండించాడట. సముద్రంలో ఆ దేశపు హద్దు దాటారు. కొద్దిపాటి తేడా అంతే. ఇంక ఆవిడ ముందు రోజే ఫోను చేసి ఉంటే ఏమయ్యేదో నువ్వే ఆలోచించు. రేవు అధికారి పెళ్ళాం పిల్లల్తో ముందే వేరే పడవ ఎక్కేశాడు, ఆ ఏర్పాటు కూడా ఆవిడే చూసింది.

మావాడు ఇంటికొచ్చాడు. ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు. బక్కచిక్కి, గడ్డం పెరిగి, మా నాన్న ముందు గుర్తుపట్టక "ఏం కుట్టాలి బాబూ?" అన్నాడు. ఆ మాటకి ఇంట్లో అందరం ఎంత నవ్వామో, ఎంత ఏడ్చామో. తర్వాత ఆవిడా వచ్చింది. ఎడిటరు గదిలోకి పిలిచి, "ఈ సంగతి నీకు ముందే తెలుసా?" అని అడిగాడు. తెలీదంటే సరిపోయేది. "తెలుసండీ" అంది. "మరెందుకు రాయలేదు?" "ఓడ ఇంకా నీళ్ళ మీద ఉందండీ." ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టి, "నువ్వు పనిచేసేది పత్రికకా అమ్మా, ఓడలకా?" అన్నాడు. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం, ఆయన పై వాళ్ళు ఆయన్ని అడుగుతారు. పొడుగు కాళ్ళాయనకి ఏదో పెద్ద బహుమతి వచ్చింది. ఈవిడకి మళ్ళీ పూల ప్రదర్శనలు ఇచ్చారు. వెళ్ళింది తల్లీ. మూతి ముడుచుకోలేదు. ఒక సీజనంతా గులాబీల గురించి రాసింది, బాగా కూడా రాసింది, మా అమ్మ కత్తిరించి పెట్టుకుంది. ఆ తర్వాత ఉద్యోగం మానేసి పైన గదిలో కూర్చుని పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది. పొద్దున్నే టైపు మిషను టకటకా మొదలయ్యేది, కింద నా కుట్టు మిషను. ఒకటి ఆగితే రెండోది ఆగేది, ఏమైందా అని.

మా అమ్మ రోజూ మొదటి గ్లాసు టీ పైకి పట్టుకెళ్ళేది. తను మంచం పట్టేదాకా మానలేదు. ఒకసారి అంది, "నీ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదమ్మా" అని. "తీర్చకండి పిన్నీ, ఉండనీ" అంది ఆవిడ. నేను మాత్రం ఊరుకోలేక అడిగాను. అక్కా, మావాడి కోసం నీ ఉద్యోగం పోయింది, బాధ లేదా అని. బాధ లేదని అంటుందనుకున్నా, అలా అంటే నాకూ హాయిగా ఉండేది. అనలేదు. "ఎందుకు లేదు మాస్టారూ. ఆ వార్త నాది. దాని కింద ఆ పొడుగు కాళ్ళాయన పేరు చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ మీ చిన్నోడు మెట్ల కింద ఈల వేస్తుంటాడు చూడు, నేను రాసుకుంటుంటే వినపడుతుంది. ఎంత అపస్వరమో. అది విని, సర్లే అనుకుంటా" అంది.

మొదటి పుస్తకం ఎవరూ కొనలేదు. నేనే రెండు కొన్నా, ఒకటి చదవడానికి, ఒకటి ఆ అద్దాల బీరువాలో కనపడేట్టు పెట్టడానికి. రెండోది మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళింది, ఎన్నో భాషల్లోకి మార్చారు. యుద్ధాల మధ్యలో మామూలు పని చేసుకునేవాళ్ళ గురించి. ఆ పళ్ళ డాక్టరున్నాడు అందులో, బాంబులు పడుతుంటే జుట్టు కత్తిరించే మంగలున్నాడు. మళ్ళీ విమానాలెక్కింది, ఎక్కడెక్కడో పిలిచి మాట్లాడమనేవాళ్ళు. అందరూ ఒకటే అడిగేవాళ్ళు, "ఆ రేవు పట్నంలో అన్నాళ్ళున్నారు, దాని గురించి ఒక్క పేజీ లేదేంటండీ?" అని. "అక్కడ నాకు జలుబు చేసిందండీ, గదిలోంచి కదల్లేదు" అనేది. అసలు సంగతి మాకే తెలుసు. ఆవిడ ఆ అధ్యాయం మొదలుపెట్టబోతూ మావాణ్ణి పిలిచి అడిగింది, రాయనా అని. మావాడు తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను కుట్టిన కోట్లు వేసుకుని వాళ్ళెళ్ళి ఏం చేశారో నాకు తెలుసక్కా. నా చేత్తో కాజాలు కూడా తీర్చి కుట్టాను. దాన్ని నలుగురూ చదవడం నేను చూళ్ళేను" అన్నాడు. పక్కన నేనున్నా. బలవంతంగా కుట్టించారు కదరా, నీ తప్పేముందని నేను అనబోతే ఆవిడ చెయ్యెత్తి నన్నాపింది. "సరే, రాయను" అంది. కాయితం మిషన్లోంచి తీసేసింది. మళ్ళీ జీవితంలో ఆ మాటెత్తలేదు. చూశావా, ఒకే వార్తని రెండుసార్లు వదులుకుంది, రెండుసార్లూ మా ఇంటి కోసమే.

పెద్దదైపోయాక చెవి సరిగ్గా వినపడేది కాదు, ఏదో ఊళ్ళో దగ్గర్లో పేలిందిట. వాళ్ళమ్మ పోయాక ఒక్కతే. ఒక్కతంటే ఒక్కతేం కాదులే, నా భార్య ఉండేది, మా పిల్లలు పైనే పడి ఉండేవాళ్ళు. మావాడి కూతురికి చదవడం రాయడం నేర్పింది ఆవిడే. పోయేముందు కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది. మేము వంతులేసుకుని కూర్చున్నాం. ఎక్కువ బాధపడలేదు, అదొక్కటే సంతోషం. నువ్వప్పటికి బళ్ళో కూడా చేరలేదు.

పత్రిక బానే రాసింది. ఫొటో వేశారు, ఏయే దేశాలు తిరిగిందో, ఏయే పుస్తకాలు రాసిందో, అన్నీ. మావాడు ఆ పేజీ పొద్దున్నించీ చదువుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఉతికిన చొక్కా వేసుకుని, నాకు కూడా చెప్పకుండా, గడియారం మేడకెళ్ళాడు. జన్మలో ఆ మేడ మెట్లెక్కనివాడు. బల్ల దగ్గర ఒక అమ్మాయి, నీ ఈడుదే ఉంటుంది, "ఏం కావాలండీ?" అంది. "మీరు వేసిందాంట్లో ఒకటి తక్కువైందమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి కుర్చీ వేసింది. ఇన్నేళ్ళూ ఇంట్లో పెళ్ళానికి కూడా నోరు విప్పి చెప్పనివాడు, గోదామూ, ఉప్పూ, కోట్లూ, ఓడా, వెనకాల పడవ దీపమూ, అన్నీ చెప్పాడట. సాయంత్రమైపోయింది. ఆ అమ్మాయి అంతా రాసుకుంది. "కింద మీరు చెప్పినట్టు మీ పేరు వేస్తామండీ" అంది. "నా పేరెందుకమ్మా. ఈ వార్త ఆవిడది. ఆవిడ పేరు వెయ్యండి, అందరికీ వేసినట్టే, వార్త రాసినవాళ్ళ పేరు వేసేచోట" అన్నాడు. పోయినవాళ్ళ పేరు అలా వెయ్యరండీ, పద్ధతి కాదంది ఆ అమ్మాయి. "అయితే నేను చెప్పింది మర్చిపొండమ్మా" అని లేచాడు. ఆ పిల్ల, ఉండండుండండని పై అంతస్తుకి పరిగెత్తింది. మావాడు అక్కడే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. చాలాసేపటికి దిగొచ్చింది.

వేశారు తల్లీ. ఆదివారం నాడు, మొదటి పేజీలో. పైన వార్త. కింద ఆవిడ పేరు. అదొక్కటే. ఇంకెవరిదీ లేదు. నేను షాపు తెరిచి, ఇక్కడే నిలబడి...

ఆఁ, వచ్చావురా చిన్నోడా? ఏం లేదు, మందుల షాపు వాళ్ళమ్మాయి, కొత్త ఉద్యోగమట, కొలతలకొచ్చింది. ఆ టేపు ఇలా ఇవ్వు. భుజాలు నిటారుగా పెట్టమ్మా.